ఎపిస్కోపల్ చర్చి స్త్రీల కూటం: పుస్తకం చదవాలా, ఫుడ్ ప్యాంట్రీకి పోవాలా?

భీమవరం_కోడలు:
అందరికీ వందనాలు. ఒక విషయంలో మీ అభిప్రాయం కావాలి, కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మేం సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లం. నార్త్ కరోలినా వచ్చాక దగ్గర్లో తెలుగు సంఘం లేక ఎపిస్కోపల్ చర్చికి, అంటే అమెరికాలోని ఆంగ్లికన్ చర్చికి, వెళ్తున్నాం. సీఎస్ఐకీ వీళ్లకీ పూర్ణ సహవాసం ఉంది, అంటే ఒకరి సంస్కారంలో ఒకరు పాలుపంచుకోవచ్చు, కాబట్టి ప్రభువు బల్ల దగ్గర ఎవరూ ఏమీ అడగలేదు. ఇక్కడ ఆడవాళ్ల కూటాన్ని ఎపిస్కోపల్ చర్చ్ విమెన్ అంటారు, పొట్టిగా ఈసీడబ్ల్యూ. మన సీఎస్ఐ ఆడవాళ్ల కూటం స్త్రీల మైత్రి లాంటిదే. నెలకో మంగళవారం పొద్దున పదిన్నరకి పారిష్ హాల్లో కూర్చుని ఏదో ఒక ఆత్మీయ పుస్తకంలో ఓ అధ్యాయం చదివి, దాని మీద మాట్లాడుకుని, ప్రార్థన చేసి, భోంచేసి వస్తాం. ఇప్పుడు కొందరు ఏమంటున్నారంటే, లెంట్ (ఈస్టర్ ముందు శ్రమకాలం) నుంచి ఈ చదువు ఆపేసి ఆ టైమంతా ఫుడ్ ప్యాంట్రీకి, అంటే లేనివాళ్లకి చర్చి ఉచితంగా సరుకులిచ్చే చోటుకి, ఇద్దాం, బయట జనం సరుకుల కోసం లైన్లో నిలబడుతుంటే మనం లోపల పుస్తకం పట్టుకుని కూర్చోవడం ఏం బాగుంది అని. వచ్చే కూటంలో ఓటు పెడతారట. నాకు రెండు వైపులా న్యాయమే కనిపిస్తోంది, అదే టెన్షన్. మీరైతే ఎటు?

మెదక్_మనవరాలు:
ఇందులో ఆలోచించడానికేముంది అక్కా, ప్యాంట్రీకే. మత్తయి 25 తీసి చూడు, ఆకలిగొన్నవాడికి పెట్టావా అని అడుగుతాడు గానీ ఎన్ని అధ్యాయాలు పూర్తి చేశావని అడగడు. మా పారిష్‌లోనూ (స్థానిక సంఘంలోనూ) ఇదే తంతు. పోయినేడాది అంతా నార్విచ్ జూలియన్ గురించి చదివాం, 14వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో ప్రార్థన కోసం ఒక గదిలో ఉండిపోయిన ఆవిడ. గొప్పావిడే, కాదనను. కానీ పక్క వీధి అపార్ట్‌మెంట్లలో ఎవరుంటున్నారో మా గుంపులో ఒక్కరికీ తెలియదు. ఆరు వందల ఏళ్ల కిందటి మనిషి గురించి అంత తెలుసుకుని పక్కింటి మనిషి పేరు తెలియకపోతే ఆ చదువు ఎందుకు?

ఇంకో మాట, దయచేసి మార్త మరియల కథ, అదే, అక్క వంటపనిలో ఉంటే చెల్లెలు యేసు మాటలు వింటూ కూర్చున్న కథ, ఎవరూ ఎత్తకండి. ఈ చర్చ ఎక్కడ మొదలైనా మూడో నిమిషంలో ఎవరో ఒకరు మార్తని తిట్టడం మొదలుపెడతారు, ఆవిడ వండింది మాత్రం అందరూ తింటారు.

పాత_కీర్తన:
మార్త జోలికి వెళ్లను లెండి. కానీ జూలియన్ విషయంలో మీ గుంపు సగమే చదివినట్టుంది. ఆవిడ గది చర్చి గోడకు ఆనుకుని ఉండేది, దానికి బయటి జనంతో మాట్లాడడానికి ఒక కిటికీ కూడా ఉండేది. ఊళ్లోవాళ్లు వచ్చి కష్టం సుఖం చెప్పుకునేవాళ్లు. మార్జరీ కెంప్ అనే ఆవిడ సలహా కోసం ఆ కిటికీ దగ్గరికి వెళ్లిన సంగతి రికార్డయి ఉంది. జనానికి దూరంగా పారిపోయిన మనిషి కాదు.

ఎవలిన్ అండర్‌హిల్ సంగతి కూడా చెప్తాను. 1941లో చనిపోయింది, ఆంగ్లికన్ స్త్రీ, ప్రార్థన మీద, ఆత్మీయ జీవితం మీద ఆవిడంత రాసినవాళ్లు ఆ కాలంలో తక్కువ. ఆవిడకు ఆత్మీయ సలహాదారుగా ఉన్న వాన్ హ్యూగెల్ ఏం చెప్పాడో తెలుసా? వారానికి రెండు మధ్యాహ్నాలు పేదల ఇళ్లకు వెళ్లి కూర్చోమన్నాడు. ఎందుకంటే ఆవిడ భక్తి అంతా తలలోనే తిరుగుతోందని ఆయన భయం. అలాగని పుస్తకాలు మూసెయ్యమని మాత్రం ఆయన అనలేదు. కాబట్టి చదువుకుంటే సేవ చెయ్యరు అని తేల్చెయ్యకండి. చదవకుండా సేవ చేసేవాళ్లని కూడా చూశాను నేను, రెండేళ్లు ఉత్సాహంగా చేసి, ఎవరితోనో మాటా మాటా వచ్చి మానేస్తారు.

వెస్ట్రీ_వాణి:
నాకు అసలు ఈసీడబ్ల్యూ ఎందుకుండాలో ఎవరైనా చెప్పండి. ఆడవాళ్లకి విడిగా కూటం అవసరమైన రోజులు వేరు. 1970 వరకు జనరల్ కన్వెన్షన్‌లో, అంటే ఎపిస్కోపల్ చర్చి నిర్ణయాలు చేసే మహాసభలో, ఆడవాళ్లకి డెప్యూటీగా (ప్రతినిధిగా) కుర్చీ ఇవ్వలేదు, సరే, అప్పుడు విడిగా కూర్చోక తప్పలేదు. 1976లో కన్వెన్షన్ స్త్రీలు పాదిరీలు కావడానికి ఒప్పుకుంది. 1989లో బార్బరా హారిస్ బిషప్ అయ్యారు, 2006లో మొత్తం చర్చికే ఒక స్త్రీ ప్రిసైడింగ్ బిషప్‌గా, అంటే అధినేతగా, ఎన్నికయ్యారు. అంత దూరం ఎందుకు, 2013లో మన నంద్యాల డయాసిస్‌కి పుష్పలలిత గారు బిషప్ కాలేదా, సీఎస్ఐ మొత్తానికి మొదటి స్త్రీ బిషప్. మా రెక్టర్ (సంఘ పాదిరి) ఆడమనిషి, మా సీనియర్ వార్డెన్ (సంఘ పెద్ద) ఆడమనిషి, నేను వెస్ట్రీలో, అంటే పారిష్‌ని నడిపే కమిటీలో, ఉన్నాను. చదవాలనుకుంటే మగవాళ్లతో కలిసి చదవండి, సేవ చెయ్యాలనుకుంటే బయటివాళ్లకి సాయం చూసే ఔట్‌రీచ్ కమిటీలో చేరండి. రెండింటికీ విడిగా ఆడవాళ్ల గుంపు అక్కర్లేదు.

డోర్నకల్_పిల్ల:
వాణి గారూ, ఆ కుర్చీ రావడానికి ముందు వందేళ్లు ఏం జరిగిందో కూడా చెప్పాలి కదండీ. 1871లో చర్చి మిషనరీ పనులు చూసే బోర్డ్ ఆఫ్ మిషన్స్‌కి సహాయంగా ఉమెన్స్ ఆగ్జిలరీ పెట్టారు, ఈసీడబ్ల్యూ దాని వారసురాలే. జూలియా ఎమరీ అనే ఆవిడ 1876 నుంచి 1916 వరకు, నలభై ఏళ్లు, దాన్ని నడిపింది. 1889లో యునైటెడ్ ఆఫరింగ్ అనే ఉమ్మడి కానుక మొదలుపెట్టారు. ఆ మొదటి కానుక రెండు వేల డాలర్లకు కాస్త ఎక్కువ, దాంతో అలాస్కాలో అన్విక్ అనే చోట గుడికి సాయం చేశారు, ఒక స్త్రీని మిషనరీగా జపాన్ పంపారు. ఇప్పటికీ అదే యునైటెడ్ థాంక్ ఆఫరింగ్. ఇంట్లో నీలం డబ్బా పెట్టుకుని, దేవునికి కృతజ్ఞత చెప్పాలనిపించినప్పుడల్లా చిల్లర వేసి, డబ్బా నిండాక చర్చిలో ఇస్తారు, వచ్చిందంతా గ్రాంట్లుగా పంచేస్తారు. మా అమ్మమ్మ రోజూ ఎసరు పెట్టే ముందు గుప్పెడు బియ్యం తీసి దేవుని కుండలో పోసేది, ఆదివారం గుడికి పట్టుకెళ్లేది. ఇక్కడ మొదటిసారి ఆ నీలం డబ్బా చేతికిచ్చినప్పుడు నాకు ఎవరూ ఏమీ వివరించక్కర్లేకపోయింది.

ఇక చదువు గురించి. ఆగ్జిలరీ ఆడవాళ్లు మిషన్ స్టడీ క్లాసులు పెట్టుకునేవారు. డబ్బు ఏ దేశానికి పోతుందో, అక్కడ జనం ఎలా బతుకుతున్నారో చదివి, చర్చించి, అప్పుడు ఇచ్చేవారు. ఇప్పటి పాఠకులకు ఆ రాతల్లో కొన్ని చాలా ఎబ్బెట్టుగా ఉంటాయి, మన దేశం గురించి రాసినవి చూస్తే కోపం కూడా వస్తుంది. అయినా పద్ధతి చూడండి, చదువుని కానుక నుంచి విడదీయలేదు. 1888లో న్యూయార్క్‌లో పెట్టిన చర్చ్ పీరియాడికల్ క్లబ్ అయితే మరీను, అమెరికా పడమటి ప్రాంతాల్లో ఒంటరిగా పనిచేసే పాదిరీల ఇళ్లకు పత్రికలు, పుస్తకాలు పంపడమే దాని పని. పుస్తకమే సేవ అక్కడ. భీమవరం అక్కా, మీవాళ్లు ఓటుకి పెడుతున్న ప్రశ్నే తప్పు ప్రశ్న అని నా అభిప్రాయం.

నైట్‌షిఫ్ట్_నర్స్:
చరిత్ర బావుంది, కానీ అసలు పాయింట్ ఎవరూ ముట్టుకోలేదు. మంగళవారం పదిన్నర! ఆ టైముకి ఎవరు వస్తారు? రిటైరైనవాళ్లు, ఇంట్లో ఉండేవాళ్లు. నేను పొద్దున ఏడున్నరకి డ్యూటీ దిగి ఇంటికొచ్చి పడుకుంటాను. మా చర్చికి వచ్చే ఆడవాళ్లలో ఉద్యోగాలు చేసేవాళ్లే ఎక్కువ, అయినా ఈసీడబ్ల్యూ మాత్రం 1955లో ఉన్నట్టే నడుస్తుంది. "యంగ్ విమెన్ రావడం లేదు" అని వీళ్లే బాధపడతారు, నాకు యాభై దాటాయి, అయినా నేనే యంగ్.

నేను చదవనని కాదు. బ్రేక్‌లో ఫోన్ తీసి ఫార్వర్డ్ డే బై డే అనే ధ్యానాల పత్రికలో ఒక పేజీ చదువుకుంటాను. అది 1935 నుంచి వస్తోందట, రోజుకో చిన్న ధ్యానం, ఐదు నిమిషాలు చాలు. మా ఫ్రెండొకావిడ సివానీ అనే ఎపిస్కోపల్ యూనివర్సిటీ నుంచి నడిపే ఎడ్యుకేషన్ ఫర్ మినిస్ట్రీ అనే బైబిల్, వేదాంత కోర్సు చేస్తోంది, ఆన్‌లైన్‌లోనే, వారం వారం, నాలుగేళ్ల కోర్సు, ఫీజు ఉంది, చదవాల్సింది కూడా బోలెడు. అది నా వల్ల కాదు గానీ, పని చేసుకునేవాళ్లు కూడా చదవగలరు అనడానికి చెప్తున్నా. టైము మార్చండి ముందు, ఆ తర్వాత పుస్తకమా ప్యాంట్రీనా అని కొట్టుకుందాం.

మెదక్_మనవరాలు:
నర్స్ అక్కతో ఏకీభవిస్తున్నా. మా ప్యాంట్రీ శనివారం, కాబట్టి అందరూ రావచ్చు. అంటే మళ్లీ నా మాటే నిలబడింది 🙂

వంటింటి_ఎలిజబెత్:
నేను మామూలుగా చదివి వెళ్లిపోతాను, ఈసారి రాయాలనిపించింది. భర్త ఉద్యోగం మీద వచ్చే హెచ్-4 వీసాతో వచ్చాను, కొన్నేళ్లు ఉద్యోగం లేదు, ఇంగ్లీష్ చదవడం వచ్చు గానీ మాట్లాడాలంటే గొంతు పట్టేసేది. అప్పుడు మేం ఉన్న ఊరి చర్చిలో సేవకి చేరదామని వెళ్తే నన్ను నేరుగా వంటింట్లోకి పంపారు. చర్చి నిధుల కోసం బజార్ పెడితే సమోసాలు నేనే, సమాధి కార్యక్రమం తర్వాత భోజనాలంటే గిన్నెలు నేనే, ప్యాంట్రీలో వెనక గదిలో డబ్బాలు సర్దేది నేనే. అందరూ చాలా మంచివాళ్లు, ఎప్పుడూ థాంక్స్ చెప్పేవాళ్లు. కానీ నా పేరు సరిగ్గా పలకడం ఎవరూ నేర్చుకోలేదు, సమోసా పేరు మాత్రం అందరికీ వచ్చేసింది.

పుస్తకాల గుంపులో అలా కుదరదు. అక్కడ వంతు వస్తుంది. ఒకసారి బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు గురించి చదువుతుంటే, నువ్వేమంటావు అని అడిగారు. మా నాన్న పోయినప్పుడు వీసా స్టాంపింగ్ సమస్య వల్ల నేను వెళ్లలేకపోయాను, ఆ సంగతి చెప్పాను, వచ్చీరాని ఇంగ్లీష్‌లోనే. ఆ తర్వాతే నాతో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడడం మొదలైంది. కాబట్టి చదవడం తీరిక ఉన్నవాళ్ల సరదా అని మీరంటే నేను ఒప్పుకోను మెదక్ చెల్లీ. సేవ పేరుతో కొందరికి ఎప్పుడూ వెనక గది పనే దొరుకుతుంది. ఇక్కడే కాదు, మా ఊళ్లో స్త్రీల మైత్రిలోనూ అంతే, పెద్ద ఉద్యోగస్తుల భార్యలు వేదిక మీద, మేము అన్నం గంటెలతో కింద. బిషప్ గారి భార్యే ప్రెసిడెంటు కాబట్టి ఎవరూ నోరెత్తేవాళ్లు కాదు.

మెదక్_మనవరాలు:
అక్కా, ఆ మాట నిజమే, వెనక గది సంగతి నేనూ చూశాను. కానీ దానికి మందు వెనక గదిలోవాళ్లని ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టడం కదా? పేర్లు రాసుకునేది, వచ్చినవాళ్లతో మాట్లాడేది మీరెందుకు కాకూడదు? ప్యాంట్రీకి వచ్చేవాళ్లలో కూడా మనలా వచ్చీరాని ఇంగ్లీష్ మాట్లాడేవాళ్లు చాలామంది.

వంటింటి_ఎలిజబెత్:
కావచ్చు. ఆ బల్ల దగ్గర కూర్చోవాలంటే ముందు నాకు మాట్లాడే ధైర్యం ఎక్కడ వచ్చిందో అదే చెప్తున్నాను.

వెస్ట్రీ_వాణి:
ఎలిజబెత్ గారి పోస్టు చదివాక ఒక్క సంగతి ఒప్పుకోవాలి, ఔట్‌రీచ్ కమిటీలో యోబు గురించి ఎవరూ ఎవర్నీ అడగరు, బడ్జెట్ గురించే అడుగుతారు. అయినా విడిగా ఆడవాళ్ల కూటం అక్కర్లేదనే అంటాను, ఆ ప్రశ్న మగవాళ్లకీ వెయ్యాలి కదా.

భీమవరం_కోడలు:
అందరికీ థాంక్స్. నిన్న మా ఈసీడబ్ల్యూ ప్రెసిడెంట్‌ని కలిసి టైము సంగతి కదిపాను. "ఇన్నేళ్లుగా మంగళవారమే కదా" అన్నారు. ఓటు కూడా ఆ రోజే, వచ్చినవాళ్లే వేస్తారట. నేను అధ్యాయం చదవడం ఆపకుండా, శనివారం ప్యాంట్రీలో కొన్ని కుర్చీలు వేసి వచ్చినవాళ్లతో కలిసి ఏదైనా చదివితే ఎలా ఉంటుందని అడిగితే, సరుకుల కోసం వచ్చినవాళ్లకి ప్రసంగం పెట్టినట్టు అవుతుందేమో అని భయపడ్డారు. ఆ భయం నాకూ ఉంది, తిండికి వచ్చిన మనిషి మొహమాటంతో కూర్చుంటాడు, ఇష్టమై కూర్చోడు.

డోర్నకల్_పిల్ల:
ఆ విషయంలో మీ ప్రెసిడెంట్ మాటే సరైంది, అది మాత్రం చెయ్యకండి. కానీ ఓటు సంగతి వదలొద్దు. ఈసీడబ్ల్యూకి విడిగా సభ్యత్వం ఉండదు, ఎపిస్కోపల్ చర్చిలో ఉన్న ప్రతి స్త్రీ అందులో సభ్యురాలే అని వాళ్లే చెప్పుకుంటారు. అలాంటప్పుడు మంగళవారం పొద్దున తీరిక ఉన్నవాళ్లు మాత్రమే ఓటేసి తేల్చేస్తే ఎలా? ఆదివారం ఆరాధన అయ్యాక కాఫీ టైములో పెట్టమని అడగండి. మీ పారిష్ బైలాస్ (నియమావళి) ఒకసారి చూసి వెళ్లండి, ఉత్త చేతులతో వెళ్లకండి.

నైట్‌షిఫ్ట్_నర్స్:
మా దగ్గర కూడా ఇదే అడుగుతాను ఈ ఆదివారం. ఓటు నాకూ ఉందని ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు.

మెదక్_మనవరాలు:
ఆదివారం పెడితే ప్యాంట్రీ గెలుస్తుంది, రాసిపెట్టుకోండి.

పాత_కీర్తన:
గెలవనివ్వండి. ప్యాంట్రీలో ఎలిజబెత్ గారిని ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టాకే నాకు చెప్పండి, అప్పటిదాకా నా ఓటు పుస్తకానికే.