మెకట్రానిక్స్ కోసం అమెరికా కమ్యూనిటీ కాలేజీలో చేరవచ్చా?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు)

మా తమ్ముడు ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు. ఇంట్లో మిక్సీ ఆగినా, వీధిలో ఎవరి మోటారు కాలినా, దాన్ని విప్పి లోపల ఏమైందో చూసేదాకా వాడికి నిద్ర పట్టదు. అమెరికాలో ఉన్న మా బాబాయి, ఖర్చు తక్కువ అవుతుందని, వాడిని అక్కడి కమ్యూనిటీ కాలేజీలో మెకట్రానిక్స్ ఇంజినీరింగ్ టెక్నాలజీ అనే రెండేళ్ల కోర్సులో చేర్పించమంటున్నారు. ఇది బీటెక్ వంటిదా, ఐటీఐ వంటిదా అన్న సందేహం నాన్నగారికి తీరడం లేదు. ఈ కోర్సులో ఏమి నేర్పుతారో, తరువాత ఏ దారులు ఉంటాయో తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు (ఆటోనగర్, విజయవాడ)

అండీ, నేను డిప్లొమా చేసి ప్యాకింగ్ యంత్రాల మరమ్మతులో స్థిరపడినవాడిని. ఈ చదువు దేనికి పనికివస్తుందో నాకు ఎదురైన ఒక పని ద్వారా చెబుతాను.

నిరుడు గుంటూరు దగ్గర ఒక కారం మిల్లులో ప్యాకెట్లు పేరు మధ్యలో తెగిపోతున్నాయని నన్ను పిలిచారు. అప్పటికే మెకానిక్ కత్తి మార్చాడు, ఎలక్ట్రీషియన్ డ్రైవ్ (మోటారును నడిపే ఎలక్ట్రానిక్ పరికరం) పాడైందన్నాడు, రెండు రోజుల ఉత్పత్తి పోయింది. ప్యాకెట్లు తయారయ్యే ఫిల్ము అంచున ప్రతి ప్యాకెట్‌కూ ఒక నల్లటి గుర్తు ఉంటుంది. ఐ మార్క్ సెన్సర్ దాన్ని చూసి పీఎల్‌సీకి (ప్రోగ్రాము ప్రకారం యంత్రాన్ని నడిపే చిన్న కంప్యూటర్‌కు) సంకేతం పంపితే, పీఎల్‌సీ ఆ లెక్క ప్రకారం ఫిల్మును ఆపి కత్తిని దింపుతుంది. పీఎల్‌సీ మీద ఆ సెన్సర్ తాలూకు చిన్న దీపం ప్రతి ప్యాకెట్‌కూ వెలగవలసి ఉండగా మధ్యమధ్యలో వెలగడం మానేసింది. సెన్సర్ కంటిమీద సన్నని కారం పొడి పేరుకుని ఉంది. మెత్తటి గుడ్డతో తుడవగానే కోత సరిపోయింది. అయితే మర్నాటికి పొడి మళ్లీ పడుతుంది కనుక, అక్కడ సన్నని గాలి గొట్టం పెట్టి కంప్రెసర్ గాలి తగిలేలా చేశాను.

కత్తి, కరెంటు, ప్రోగ్రాము అనే మూడింటినీ ఒకే చూపుతో చూడగలగడమే మెకట్రానిక్స్. 1969లో జపాన్‌లోని యాస్కావా సంస్థ ఇంజినీరు తెత్సురో మోరి ఈ మాటను పుట్టించారు. మీ తమ్ముడికి ఆ చూపు ఉన్నట్టే ఉంది.

జవాబు (పటమట వాడిని, ప్రస్తుతం అమెరికాలో ఈ కోర్సు రెండో ఏడు)

పై అన్నగారు చెప్పిన పద్ధతినే ఇక్కడ నేర్పుతారు. మొదట డీసీ, ఏసీ సర్క్యూట్లు, తరువాత న్యూమాటిక్స్ (గాలి ఒత్తిడితో పని), హైడ్రాలిక్స్ (ద్రవ ఒత్తిడితో పని), మోటార్లు, పీఎల్‌సీ, చివర్లో రోబోలు వచ్చాయి. మా ల్యాబ్ బల్ల వెనుక తాళం వేసిన పెట్టెలో కొన్ని స్విచ్‌లుంటాయి. మాస్టారు అందులో ఒకటి తిప్పితే ఎక్కడో ఒక తీగ తెగినట్టే అవుతుంది. 24 వోల్టులు ఎక్కడిదాకా వచ్చి ఎక్కడ ఆగాయో మల్టీమీటర్‌తో వెతికి, కారణాన్ని కాగితం మీద రాసి ఇవ్వాలి. ఎమర్జెన్సీ స్టాప్‌ను మామూలుగా మూసి ఉండే కాంటాక్ట్‌తోనే ఎందుకు కలుపుతారో (తీగ తెగినా యంత్రం ఆగిపోవాలి కనుక) నాకు ఆ బల్ల దగ్గరే అర్థమైంది.

ఇక నాన్నగారి సందేహం విషయానికి వస్తే, ఇది ఐటీఐ కంటే ఎక్కువే గానీ బీటెక్ మాత్రం కాదు. రెండేళ్ల తరువాత వచ్చేది అసోసియేట్ డిగ్రీ. ఇక్కడ ఇంజినీరింగ్‌నూ ఇంజినీరింగ్ టెక్నాలజీనీ వేరుగా చూస్తారు. ఏబెట్ సంస్థలో ఈ రెండింటికీ గుర్తింపునిచ్చే కమిషన్లు కూడా వేరు. చాలా కాలేజీల్లో ఈ కోర్సుకు టెక్నికల్ మ్యాథ్స్ సరిపోతుంది, కానీ ఇంజినీరింగ్ డిగ్రీకి కాలిక్యులస్ తప్పనిసరి. అది చదవకుండా రెండేళ్లు ముగించినవారు యూనివర్సిటీకి వెళ్లినప్పుడు దాదాపు మొదటినుంచి మొదలుపెట్టవలసి రావచ్చు. బాబాయిగారు ఖర్చు గురించి చెప్పినది నిజమే అయినా, వీసా సంగతి కూడా కలిపి ఆలోచించండి. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద చదివినవారికి అసోసియేట్ డిగ్రీ తరువాత ఓపీటీ, అంటే చదివిన రంగంలో అక్కడ పనిచేసే అనుమతి, గరిష్ఠంగా 12 నెలలే. సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం చదివినవారికిచ్చే 24 నెలల స్టెమ్ పొడిగింపు బ్యాచిలర్స్ లేదా ఆపై డిగ్రీ ఉన్నవారికే దక్కుతుంది. అందుకే రెండేళ్లతో ఆగిపోయే ఉద్దేశంతో ఇంత దూరం రమ్మని నేను చెప్పను. నాలుగేళ్ల డిగ్రీకి తొలి మెట్టుగా భావిస్తే మాత్రం, ఏ యూనివర్సిటీ ఏయే క్రెడిట్లను (పూర్తిచేసిన సబ్జెక్టులకు ఇచ్చే లెక్కను) తీసుకుంటుందో ఆ కాలేజీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకున్న తరువాతే ఫీజు కట్టండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నాన్నగారికి రెండు జవాబులూ చదివి వినిపించాను. క్రెడిట్ల విషయం బాబాయి చేత ఆ కాలేజీకి ఉత్తరం రాయిస్తున్నాము. జవాబు వచ్చేదాకా ఇక్కడి బీటెక్ కౌన్సెలింగ్‌ను కూడా వదులుకోము. ఆటోనగర్ అన్నగారూ, మీకు అభ్యంతరం లేకపోతే తమ్ముడు ఒక రోజు వచ్చి మీ పని చూస్తానంటున్నాడు.

జవాబు (ఆటోనగర్, విజయవాడ)

తప్పకుండా పంపండి. శనివారం ఒక ప్యాకింగ్ యంత్రం విప్పుతున్నాము. చెప్పులతో కాకుండా బూట్లు వేసుకుని రమ్మనండి.