ఇంజన్ ఆయిల్ ఇంట్లో మనమే మార్చుకోవడమా, షోరూంలో ఇవ్వడమా? మీ అనుభవాలు చెప్పండి

తెనాలి స్ప్లెండర్
అందరికీ నమస్కారం. నాది స్ప్లెండర్ ప్లస్. ఫ్రీ సర్వీసులు అయిపోయాయి, వారంటీ మాత్రం ఇంకా ఉంది. మొన్న షోరూంలో ఆయిల్ మార్పిస్తే ఆయిల్, లేబర్, కన్స్యూమబుల్స్, చైన్ స్ప్రే, వీటి మీద జీఎస్టీ, అన్నీ కలిపి బిల్లు వెయ్యి దాటింది. అదే ఆయిల్ డబ్బా బయట 400 చుట్టుపక్కల దొరుకుతోంది. డబ్బు కంటే నాకు బాధ అనిపించిన విషయం ఇంకోటి. బండి లోపలికి తీసుకెళ్లాక ఏం చేస్తున్నారో చూడనివ్వరు. రెండు రోజుల తర్వాత ఆయిల్ లెవల్ చూసే డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ అప్పుడే నల్లబడి ఉంది. అసలు మార్చారా అని అనుమానం. ఇంట్లో మార్చుకునేవాళ్లు ఉంటే ఏ సామాను కావాలో, ఎలా చేయాలో వివరంగా చెప్పండి. వారంటీ పోతుందా అన్నది కూడా.

ఆటోనగర్ మెకానిక్
తమ్ముడూ, ముందు ఆ అనుమానం సంగతి. రంగు చూసి తేల్చకు. ఇంజన్ అడుగున ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టు తీసినంత మాత్రాన పాత ఆయిల్ మొత్తం రాదు. క్లచ్ వైపు, హెడ్‌లో కొంత మిగిలిపోతుంది. పైగా కొత్త ఆయిల్‌లో ఉండే డిటర్జెంట్ లోపల పేరుకున్న మసిని కరిగించి తనలో కలుపుకుంటుంది. అది దాని పని. కాబట్టి కాస్త తిరగ్గానే రంగు మారడం మామూలే. మార్చారో లేదో తెలియాలంటే ఇచ్చే ముందు డ్రెయిన్ బోల్టు మీద, దాని పక్కన ఇంజన్ మీద కలిసేలా పెయింట్‌తో సన్నగా గీత గీయి. బోల్టు తిప్పితే గీత కలవదు.

ఇక ఇంట్లో చేయడం. స్ప్లెండర్‌కి కష్టమేం కాదు. 17 నంబరు రింగ్ పానా కావాలి, ఫిక్స్ పానా వద్దు, బోల్టు మూలలు అరిగిపోతాయి. ఒక పాత బేసిన్, గరాటు, గుడ్డ, కొత్త వాషర్ దగ్గర పెట్టుకో. బండిని ఓ పది నిమిషాలు తిప్పి తీసుకురా. ఆయిల్ వేడెక్కితే పల్చబడి అడుగున ఉన్న మడ్డితో సహా దిగుతుంది. మరీ కాలిపోయేంత వేడి మీద మాత్రం చేయి పెట్టకు. సమతలంగా ఉన్న చోట సెంటర్ స్టాండ్ వేసి, పైన మూత తీసి, కింద బోల్టు వదులు చెయ్యి. చుక్కలు ఆగేదాకా వదిలెయ్.

బోల్టు తిరిగి పెట్టేటప్పుడే అసలు జాగ్రత్త. ఇంజన్ కేసు అల్యూమినియం, బోల్టు ఉక్కు. మొదటి నాలుగు చుట్లు వేళ్లతోనే తిప్పాలి, వంకరగా ఎక్కుతుంటే వెనక్కి తీసి మళ్లీ పెట్టాలి. బిగించేటప్పుడు పొడుగు పానా పట్టుకుని ఒంటి బలమంతా వేయకూడదు. మా దగ్గరికి వచ్చే మర పోయిన కేసుల్లో చాలావరకు ఇలా బలం వేసినవే.

డబ్బా మీద 900 మిల్లీలీటర్లు అని ఉందని మొత్తం ఒంపేయకు. మాన్యువల్‌లో రెండు అంకెలు ఉంటాయి, డ్రెయిన్ చేసినప్పుడు ఒకటి, ఇంజన్ పూర్తిగా విప్పినప్పుడు ఒకటి. మనకు కావాల్సింది చిన్న అంకె. పోశాక రెండు మూడు నిమిషాలు ఇంజన్ ఆడించి ఆపు, ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూడు. మర తిప్పి బిగించకుండా ఊరికే ఆనించి తీసి చూడాలి. పై గీతకు, కింది గీతకు మధ్య ఉంటే చాలు. ఎక్కువ పోస్తే మంచిదని కొందరు అనుకుంటారు. ఎక్కువైతే నురగ పట్టి, గొట్టం ద్వారా ఎయిర్ ఫిల్టర్‌లోకి వస్తుంది.

ఒకటి గుర్తుంచుకో. స్ప్లెండర్‌కి కారుకి ఉన్నట్టు మార్చే కాగితపు ఫిల్టర్ లేదు. జాలీ, గిర్రున తిరుగుతూ మడ్డిని వేరుచేసే సెంట్రిఫ్యూగల్ ఫిల్టర్ ఉంటాయి, అవి క్లచ్ కవర్ లోపల. వాటిని అప్పుడప్పుడు మెకానిక్ దగ్గర విప్పించి శుభ్రం చేయించాలి. ఆ పని ఇంట్లో పెట్టుకోకు.

కరీంనగర్ బుల్లెట్
పైన అన్న చెప్పింది వంద శాతం కరెక్ట్. నాది కొత్త ఇంజన్ క్లాసిక్ 350. వారంటీ ఉన్నన్నాళ్లు షోరూంలోనే చేయిస్తా, అయ్యాక నేనే చేసుకుంటా. దీంట్ల 15డబ్ల్యూ-50 గ్రేడు (చిక్కదనం) ఆయిల్ పడుతుంది, ఆయిల్‌తో పాటు ఫిల్టర్, ఓరింగులు కూడా మార్చాలి. షోరూంకి పోతే జాబ్ కార్డు రాసేటప్పుడే "నా ముందర డ్రెయిన్ చేయండి, ఖాళీ డబ్బా నాకు ఇవ్వండి" అని రాయిస్తా. మర్యాదగా అడిగితే చాలా చోట్ల ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఇంకో షోరూం చూసుకోవడమే.

మా దోస్తులు కొందరు ప్రతి 2,000 కిలోమీటర్లకు మార్చేస్తుంటారు. మా బండి మాన్యువల్‌ల 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది అని ఉంది. మధ్యలో లెవల్ చూసుకుంటే చాలు, ఊరికే పైసలు పోయడం ఎందుకు?

విశాఖ స్కూటర్
నాది యాక్టివా. ఇంటి దగ్గరి మెకానిక్ చేత మార్పిస్తాను, ఆయిల్ మాత్రం నేనే కొని తీసుకెళ్తాను. స్కూటర్ ఉన్నవాళ్లు రెండు విషయాలు గమనించండి. మొదటిది, వెనక చక్రం దగ్గర గేర్ ఆయిల్ వేరుగా ఉంటుంది. ఇంజన్ ఆయిల్ మార్చి అది వదిలేస్తారు. మనం అడిగితే తప్ప ముట్టుకోరు. రెండోది, షాపులో 4టీ (ఫోర్ స్ట్రోక్) ఆయిల్ అనగానే బైక్ ఆయిల్ చేతిలో పెడుతున్నారు. డబ్బా మీద జాసో (జపాన్ ఆయిల్ ప్రమాణం) ఎంబీ అని ఉంటే స్కూటర్‌ది, ఎంఏ లేదా ఎంఏ2 అని ఉంటే బైక్‌ది. ఈ తేడా ఎందుకో ఎవరైనా చెప్తారా?

ఆటోనగర్ మెకానిక్
మేడం, బైక్‌లో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. ఆయిల్ మరీ జారుడుగా ఉంటే ప్లేట్లు పట్టు తప్పుతాయి. అందుకే ఎంఏ రకం. స్కూటర్ క్లచ్ పొడిగా, బెల్టు వైపు ఉంటుంది, ఆయిల్ తగలదు. కాబట్టి రాపిడి తక్కువ ఉండే ఎంబీ వాడొచ్చు, మైలేజీకి మంచిది. స్కూటర్‌లో ఎంఏ పోస్తే పాడేమీ కాదు. బైక్‌లో ఎంబీ గానీ, కారు ఆయిల్ గానీ పోయకూడదు. ఇంజన్ అరుస్తుంది, బండి ముందుకు లాగదు.

హైదరాబాద్ స్విఫ్ట్
కారు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి చెప్తున్నా. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో కారు కింద దూరడం నాకు నచ్చలేదు. జాకీ ఒక్కదాని మీద లేపిన కారు కిందకి ఎవరూ, ఏ కారణంతోనూ వెళ్లకండి. కారుతో వచ్చే జాకీ టైరు మార్చడానికే. కింద పని చేయాలంటే గట్టి స్టాండ్లు గానీ ర్యాంపులు గానీ ఉండాలి. నేను మధ్యే మార్గం పట్టాను. రాణిగంజ్‌లో ఆయిల్, ఫిల్టర్, డ్రెయిన్ వాషర్ కొని, తెలిసిన గ్యారేజీలో లిఫ్ట్ మీద నా ముందే మార్పిస్తాను. లేబర్ కొద్దిగానే అవుతుంది.

షోరూంలో నాకు చిరాకు తెప్పించింది ఆయిల్ ధర కాదు. ఇంజన్ ఫ్లష్, డీకార్బనైజింగ్, ఏసీ క్లీనింగ్ అంటూ జాబ్ కార్డులో మనం అడగనివి చేర్చి సంతకం పెట్టమంటారు. సంతకానికి ముందు ఒక్కో లైను చదివి "ఇది మాన్యువల్‌లో ఎక్కడ ఉంది?" అని అడగండి. సగం లైన్లు అక్కడే కొట్టేస్తారు.

గుంటూరు వినియోగదారుడు
వారంటీ గురించి అడిగారు కదా. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు కలిపి 2,500 కోట్లకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలు, రిపేరు సమాచారం బయట గ్యారేజీలకు అందనివ్వడం లేదన్నది ప్రధాన ఆరోపణ. బయట సర్వీసు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అనే షరతు పెట్టకూడదని కూడా ఆ ఉత్తర్వులో ఉంది. అయితే కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. అది కార్ల కేసు కూడా. కాబట్టి ఆ ఒక్క ఉత్తర్వు చేతిలో పట్టుకుని షోరూంలో గెలుస్తామని అనుకోవద్దు. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ ప్రారంభించింది, అక్కడ కంపెనీలు ఇచ్చే సమాచారం చూడొచ్చు.

నా సలహా: వారంటీ పుస్తకంలో "అధీకృత వర్క్‌షాప్‌లో సర్వీసు" అని స్పష్టంగా ఉంటే, వారంటీ ఉన్నన్నాళ్లు షెడ్యూలు సర్వీసులు అక్కడే చేయించండి. ఇంజన్ పోతే వేలల్లో బిల్లు వస్తుంది, దాని ముందు ఈ నాలుగైదు వందలు పెద్ద లెక్క కాదు. అదనంగా మధ్యలో మార్చుకోవాలంటే ఇంట్లో చేసుకోండి, ఆయిల్ కొన్న జీఎస్టీ బిల్లు, ఓడోమీటర్ ఫోటో దాచుకోండి.

డల్లాస్ క్యామ్రీ
అమెరికాలో పరిస్థితి వేరు. ఇక్కడ 1975 నుంచి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ఉంది. సొంతంగా ఆయిల్ మార్చుకున్నారన్న కారణంతోనే వారంటీ నిరాకరించడం కుదరదు. కానీ సరైన గ్రేడు, సరైన సమయానికి వేశామని చూపించగలగాలి, అందుకే రసీదులన్నీ ఫైల్లో పెడతాను. మా క్యామ్రీకి 0డబ్ల్యూ-20, పది వేల మైళ్లకు లేదా ఏడాదికి మార్చాలి. దుకాణంలో అయిదు క్వార్ట్‌ల డబ్బా, ఫిల్టర్ కొనుక్కుని నేనే చేస్తే డీలర్ అడిగేదాంట్లో సగం కూడా అవ్వదు.

ఇక్కడికి కొత్తగా వచ్చినవాళ్లకు ఒక మాట. అపార్ట్‌మెంట్ లీజుల్లో పార్కింగ్ లాటులో బండి రిపేరు చేయకూడదని తరచూ ఉంటుంది, ముందు చదువుకోండి. సొంత గరాజ్ ఉంటే ఇబ్బంది లేదు. వాడిన ఆయిల్‌ని ఆటో పార్ట్స్ దుకాణాలు చాలావరకు ఉచితంగా తీసుకుంటాయి. మన ఊళ్లలో ఇలాంటి ఏర్పాటు ఉందా? పాత ఆయిల్ ఏం చేస్తున్నారు?

పల్నాడు రైతుబిడ్డ
మా ఊళ్లో పారబోసేది ఏమీ ఉండదండీ. సెంట్రింగ్ రేకులకు పూసేవాళ్లు పట్టుకెళ్తారు, మిగిలింది చెదలు పట్టకుండా కంచె గుంజలకు రాస్తాం.

గుంటూరు వినియోగదారుడు
గుంజలకు రాయడం మానండి దయచేసి. వాడిన ఆయిల్‌లో ఇంజన్ లోహాల పొడి, క్యాన్సర్ కారకమైన రసాయనాలు ఉంటాయి. వానకు కారి మట్టిలోకి, అక్కడి నుంచి బావిలోకి దిగుతుంది. ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు 2016 కింద వాడిన ఆయిల్‌ను అనుమతి ఉన్న రీసైక్లర్లకే ఇవ్వాలి. 2024 ఏప్రిల్ నుంచి దాన్ని వెనక్కి సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత ఆయిల్ తయారీదారుల మీద కూడా పెట్టారు. ఇళ్ల దగ్గరికి వచ్చి తీసుకెళ్లే ఏర్పాటు మన పట్టణాల్లో నేనెక్కడా చూడలేదు. కాబట్టి మూత గట్టిగా ఉన్న పాత డబ్బాలో పోసి, డ్రమ్ము పెట్టి ఆయిల్ సేకరించే పెద్ద గ్యారేజీకో సర్వీస్ సెంటర్‌కో ఇవ్వండి. మురుగు కాలవలో మాత్రం ఒక్క చుక్క పోయొద్దు.

సింగ్‌నగర్ వాసి
ఇంట్లో ఆయిల్ మార్చడం రావాలని నేను ఎందుకంటానంటే, 2024 సెప్టెంబరులో బుడమేరు వరద. మా వీధిలో బళ్లన్నీ మునిగాయి. నీళ్లు తగ్గాక మెకానిక్‌లు దొరకలేదు, సర్వీస్ సెంటర్ల ముందు బళ్లు వరసలు కట్టాయి. తొందరపడి కిక్ కొట్టి స్టార్ట్ చేసినవాళ్ల ఇంజన్లు దెబ్బతిన్నాయి. ముందే పని తెలిసిన కుర్రాళ్లు ముగ్గురు వీధిలో అందరికీ డ్రెయిన్ బోల్టులు తీసి పెట్టారు. పాల టీ రంగులో దిగింది ఆయిల్, అంటే నీళ్లు కలిసిపోయినట్టు.

మునిగిన బండి స్టార్ట్ చేయకండి, తాళం కూడా తిప్పకండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఉంటే ముందు ఫోటోలు తీసి కంపెనీకి చెప్పి, వాళ్లు సరే అన్నాకే విప్పండి. తర్వాత స్పార్క్ ప్లగ్గు తీసి, సిలిండర్‌లో నీళ్లు లేకుండా చూసి, ఆయిల్ మార్చాలి. ఒకసారి మార్చితే సరిపోదు. చౌక ఆయిల్ పోసి కాసేపు ఆడించి, మళ్లీ దించి, ఆ తర్వాతే మంచి ఆయిల్ పోయాలి. ఎయిర్ ఫిల్టర్ కూడా మార్చాలి. ఆ పని తెలిసిన మనిషి వీధికొకరు ఉంటే చాలా ఇంజన్లు బతికేవి.

విశాఖ స్కూటర్
నకిలీ ఆయిల్ సంగతి కూడా చెప్పండి ఎవరైనా. ఖాళీ డబ్బాలు కొని మళ్లీ నింపి అమ్ముతున్నారని వింటున్నాం.

హైదరాబాద్ స్విఫ్ట్
అది నిజమే మేడం, పోలీసుల దాడుల వార్తలు అప్పుడప్పుడూ వస్తూనే ఉంటాయి. పెట్రోల్ బంకులో ఆ కంపెనీ ఆయిలే దొరుకుతుంది, సర్వో, మ్యాక్, హెచ్‌పీ లాంటివి. అక్కడ గానీ కంపెనీ డీలరు దగ్గర గానీ బిల్లుతో కొనడం మేలు. మూత కింద సీలు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చూడండి. ఖాళీ డబ్బాకి మేకుతో చిల్లు పెట్టి పారేయండి, లేకపోతే అదే డబ్బా ఇంకొకరికి నకిలీగా వెళ్తుంది.

నెల్లూరు పల్సర్
అన్నా, ఒక చిన్న డౌటు. ఒక గ్యారేజీలో ఆయిల్ మార్పించినప్పటి నుంచి డ్రెయిన్ బోల్టు చుట్టూ చెమ్మ వస్తోంది. రాత్రికి కింద ఒకటి రెండు చుక్కలు పడుతున్నాయి. ఇంకొంచెం బిగిస్తే సరిపోతుందా?

ఆటోనగర్ మెకానిక్
ఇంకా బిగించొద్దు. పాత వాషరే తిరిగి వేసి ఉంటారు, ఒకసారి నలిగిన వాషర్ రెండోసారి సరిగ్గా కూర్చోదు. పది ఇరవై రూపాయల వస్తువు, కొత్తది వేసుకో. ఆయిల్ దించేటప్పుడు బోల్టు చివర చూడు, మర మధ్యలో అల్యూమినియం తీగలాగా మెరుస్తుంటే కేసు మర దెబ్బతిన్నట్టే. అప్పుడు టేపు చుట్టడం, ఎంసీల్ పెట్టడం లాంటివి చేయకు, దారిలో ఊడిపోతే ఇంజన్ పట్టేస్తుంది. లేత్ పని తెలిసినవాళ్ల దగ్గర హెలికాయిల్ (పాడైన మర స్థానంలో లోపల బిగించే కొత్త మర) వేయించు, కేసు మార్చక్కర్లేదు. అప్పటిదాకా రోజూ పొద్దున లెవల్ చూసుకుని బండి తియ్యి.