నాన్నకు పక్షవాతం: డిశ్చార్జ్ అయ్యాక ఫిజియోథెరపీ ఎలా?

హైదరాబాద్ బోరబండలో ఉంటాం. నాన్న ఆటో నడిపేవారు. ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. ఆస్పత్రి ఖర్చు ఆరోగ్యశ్రీలో వెళ్లిపోయింది. డిశ్చార్జ్ కాగితం మీద మాత్రం "ఫిజియోథెరపీ చేయించాలి" అని ఒక్క ముక్క రాసి పంపేశారు. పక్క బెడ్ ఆయనకు రోజూ ఇంటికే ఫిజియో వస్తున్నారు, ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారట. మాకు అంత స్తోమత లేదు. నాన్న వేళ్లు పిడికిలిలా బిగుసుకుపోతుంటే అమ్మ ఒక్కొక్కటే విప్పుతోంది. డబ్బుంటేనే నడక వస్తుందా? టెన్షన్‌గా ఉంది, దారి చెప్పండి.

జవాబు 1: నేను ఫిజియోని తమ్ముడూ. మొదటి మూడు నెలలు చాలా కీలకం, ఆలస్యం చేయకండి. గాంధీ ఆస్పత్రిలో, నిమ్స్‌లో ఫిజియోథెరపీ విభాగాలున్నాయి. ఇంట్లో చేయించాల్సినవి అమ్మగారికి అక్కడే నేర్పించమని అడగండి. పడిపోయిన చెయ్యి పట్టి లాగి లేపొద్దు, భుజం జారుతుంది. నిటారుగా కూర్చోబెట్టే తినిపించండి. మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా వస్తుంది.

జవాబు 2: బీపీ మాత్రలు అస్సలు మానొద్దు బాబూ, బస్తీ దవాఖానాలో ఉచితంగా ఇస్తారు. వైకల్య సర్టిఫికెట్‌కి (ఇదివరకు సదరం అనేవారు, ఇప్పుడు యూడీఐడీ కార్డు) కూడా అడగండి. వికలాంగుల పెన్షన్‌కి అదే ఆధారం.

అడిగినవారు: థాంక్స్ అన్నా, థాంక్స్ అండీ. సోమవారం గాంధీకి తీసుకెళ్తాం. అమ్మను కూడా వెంట రమ్మన్నాను.