అప్‌డేట్: అచ్చుతప్పుల యుద్ధ నవలను చివరిదాకా చదివాను

బర్మా యుద్ధరంగం నుంచి తిరిగివచ్చిన సైనికుడి పశ్చాత్తాపం గురించిన నవలను, పేజీకి నాలుగు అచ్చుతప్పులు ఉన్నందున సగంలో వదిలేయవచ్చా అని కిందటి నెలలో అడిగాను. ముగింపు చూసి తేల్చుకోమన్నవారి మాట విని, కడపలో మా ఇంటి వరండాలో కూర్చుని, చేత పెన్సిల్ పట్టుకుని పూర్తి చేశాను.

ఎడిటింగ్ లోపాలు నేననుకున్నదానికన్నా ఎక్కువే. రంగూన్ జపాన్ వశమైంది 1942 మార్చి 8న. నవలలో ఒకచోట అది సరిగ్గానే ఉండగా, ముప్పై పేజీల తరువాత 1943 డిసెంబరులో కథానాయకుడు అదే నగరం నుంచి బ్రిటిష్ సేనతో వెనుదిరుగుతాడు. అడవిదారిలో అతడు వదిలివచ్చిన మిత్రుడు నాలుగో అధ్యాయంలో ఓబులేసు, పదకొండో అధ్యాయంలో వెంకటేసు. ఆ ఒక్క మనిషిని తలచుకుని జీవితాంతం కుమిలిపోయే కథలో ఆ పేరే మారిపోవడాన్ని చిన్న పొరపాటుగా తీసుకోలేను.

అయినా చదవడం వృథా కాలేదు. మిత్రుడి నీళ్లసీసాను ఇంటికి తెచ్చుకున్న అతడు, నలభై ఏళ్లపాటు ప్రతి వేసవిలోనూ దానిని నింపి, ఒక్క గుక్క తాగకుండా వేపచెట్టు మొదట్లో పారబోసే ఘట్టం (అందులోనూ ‘గుక్క’ కాస్తా ‘కుక్క’గా అచ్చయింది) నన్ను రెండు రోజులు వదలలేదు. ఆ పది పేజీలలో రచయిత క్షమాపణ అన్న మాటే వాడలేదు. తక్కిన పేజీలలో లెక్కలేనన్నిసార్లు వాడారు.

దిద్దిన ప్రతిని ప్రచురణకర్తకు స్పీడ్ పోస్టులో పంపాను. ఇంకా జవాబు రాలేదు.