బాలింతకి నీళ్లు ఇవ్వకూడదా? అమ్మకి ఎలా చెప్పాలి?

తెనాలి_పిల్ల:
సిజేరియన్ అయ్యి ఇవాళ్టికి తొమ్మిది రోజులు, పుట్టింట్లో ఉన్నాను. అమ్మ కంటికి రెప్పలా చూసుకుంటోంది, అందులో వంక పెట్టడానికి లేదు, గొడవంతా నీళ్ల దగ్గరే. చిన్న స్టీలు గ్లాసులో సగం వేడినీళ్లు, అదీ అన్నం తిన్నాకే. ఎక్కువ తాగితే పొట్ట జారుతుందట, కుట్లు చీము పడతాయట. రాత్రి పాపకి పాలిస్తుంటే నాలుక పిడచకట్టుకుపోతోంది. మొన్న బాత్రూంలో కొళాయి తిప్పి దోసిట్లో పట్టుకుని తాగాను, దొంగతనం చేసినట్టు. విరేచనం కష్టంగా ఉంది, ముక్కితే కుట్లు లాగుతాయని భయం. పైగా పాలు చాలట్లేదు, డబ్బా పాలు పట్టండి అని పెద్దమ్మ. అమ్మ మనసు కష్టపెట్టకుండా ఏం చెప్పను?

వార్డు_నర్సు:
చెల్లీ, దాహం వేసినప్పుడల్లా తాగు. పొట్ట నీళ్ల వల్ల కాదు, గర్భసంచి మామూలు సైజుకి రావడానికి ఆరు వారాలు పడుతుంది. చీము పట్టేది ఇన్ఫెక్షన్ వల్ల, కాబట్టి కుట్ల దగ్గర ఎర్రగా వాచినా, రసి కారినా, జ్వరం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లు. అలాగని బిందెలు బిందెలు తాగితే పాలు పొంగుతాయనుకోకు, అవి పాప తాగే కొద్దీ పడతాయి. డబ్బా పట్టావా, నీ దగ్గర తాగడం తగ్గుతుంది, దాంతో పాలూ తగ్గుతాయి. ఏడుపుని కాదు, తడిసిన గుడ్డల్ని లెక్కపెట్టు: రోజుకి ఆరు, అంతకన్నా ఎక్కువ ఉండి, రెండు వారాలకల్లా పుట్టిన బరువుకి వచ్చేస్తే సాధారణంగా పాలు సరిపోతున్నట్టే. గుడ్డలు తగ్గినా, పాప మగతగా ఉండి తాగకపోయినా వెంటనే చూపించు. ఐరన్ మాత్రలు కాన్పయ్యాక కూడా 180 రోజులు వేసుకోవాలి. వాటివల్లే మలబద్ధకం అనిపిస్తే నీ అంతట నువ్వు మానేయకు, డాక్టర్‌ని అడుగు.

ముగ్గురి_తల్లి:
పథ్యం అంటే అంతా చాదస్తం అని తీసిపారేయకండమ్మా. వేడి వేడి అన్నం, నెయ్యి, బాలింత కాయం మందు, పాలసొర చేప పులుసు, ఇంటి పని ముట్టుకోకుండా పడుకోబెట్టడం, ఇవన్నీ ఎవరు చేస్తారు ఈ రోజుల్లో? నీళ్లు కట్టేయడం మాత్రం తప్పే, ఆకుకూరలూ పండ్లూ మాన్పించడం కూడా. ఒక పని చెయ్, వాము వేసి కాచిన నీళ్లు ఫ్లాస్కు నిండా పోసి పక్కన పెట్టమను. నీళ్లంటే వద్దంటుంది గానీ మందంటే మీ అమ్మే పోస్తుంది! సాంబ్రాణి పొగ పాప ఉన్న గదిలో వద్దు.

ఖమ్మం_కోడలు:
ఆసుపత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. 14వ రోజున వచ్చినప్పుడు అమ్మ ముందే నీళ్ల సంగతి అడుగు. మనం చెబితే వినరు, బయటివాళ్లు చెబితే వింటారు, మా అత్తమ్మ దగ్గర నేను చేసిందదే. ఇంకో మాట, ఊరికే ఏడుపు రావడం మొదటి వారాల్లో చాలామందికి ఉంటుంది, రెండు వారాలు దాటినా తగ్గకపోతే దాచుకోకు. మనసు బాగోనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

తెనాలి_పిల్ల:
అందరికీ థ్యాంక్స్. రాత్రి అమ్మకి కొళాయి సంగతి చెప్పేశాను. తిడుతుందనుకుంటే నవ్వింది, నేను పుట్టినప్పుడు తనూ పెరట్లో బోరింగు కొట్టుకుని తాగిందట, అమ్మమ్మ నిద్రపోయాక. ఫ్లాస్కు వచ్చేసింది. వాము వాసనే భరించలేకపోతున్నాను, జీలకర్రకి మారుస్తుందేమో అడగాలి.