విజిట్ వీసా మీద దుబాయ్ వెళ్తే అక్కడ వర్క్ పర్మిట్ చేయిస్తారా?

నాయుడుపేట కుర్రాడు:
అందరికీ నమస్కారం. ఐటీఐలో రిఫ్రిజిరేషన్ ఏసీ ట్రేడ్ చేసి, చెన్నైలో గిండీ దగ్గర ఏసీ సర్వీస్ షాపులో పనిచేస్తున్నాను. స్ప్లిట్, క్యాసెట్ బాగా వచ్చు, డక్టబుల్ కొద్దిగా. జీతం 22 వేలు. షాపులో ఒక తమిళ అన్న నన్ను ఎగ్మోర్‌లో ఏజెంటు దగ్గరికి తీసుకెళ్ళాడు. దుబాయ్‌లో మెయింటెనెన్స్ కంపెనీ, 1,800 దిర్హాములు, రూము కంపెనీదే అన్నాడు. అడుగుతున్నది లక్షా ఇరవై వేలు. సగం ఇప్పుడే కట్టాలి. "ముందు విజిట్ వీసా మీద వెళ్ళి పనిలో చేరు, నెల లోపు కంపెనీ అక్కడే పర్మిట్ చేయిస్తుంది, ఇప్పుడందరూ ఇలాగే పోతున్నారు" అంటున్నాడు. ఎయిర్‌పోర్టులో అడిగితే బంధువుల ఇంటికని చెప్పాలట. అక్కడే నాకు తేడా కొట్టింది. పాస్‌పోర్ట్ జిరాక్స్ ఇచ్చాను, ఒరిజినల్ ఇవ్వలేదు. అమ్మేమో గొలుసు కుదువ పెడతానంటోంది. ఏం చేయమంటారు?

కొరట్టూరు వెంకట్:
ఒరిజినల్ ఇవ్వకు. గొలుసు అమ్మ మెడలోనే ఉండనీ. మిగతాది అక్కడ చేసొచ్చినవాళ్ళు చెప్తారు.

షార్జా సుబ్బన్న:
తమ్ముడూ, నేను షార్జాలో ఏసీ ఫోర్‌మన్‌గా చేసి వచ్చాను, ఇప్పుడు అంబత్తూరులో ఉంటున్నా. నా కింద పనిచేసిన పిల్లల్లో విజిట్ మీద వచ్చినవాళ్ళనీ, పర్మిట్ మీద వచ్చినవాళ్ళనీ చూశాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

వర్క్ పర్మిట్‌కి అప్లై చేసేది నువ్వూ కాదు, ఏజెంటూ కాదు, కంపెనీ. అక్కడి కార్మిక శాఖను మోహ్రే అంటారు. దాని ద్వారా ముందు ఆఫర్ లెటర్ వస్తుంది. అందులో అరబిక్, ఇంగ్లీషుతో పాటు పనివాడికి తెలిసిన భాష ఒకటి పెట్టించుకోవచ్చు. తమిళం, హిందీ ఉన్నాయి, మన తెలుగు లేదు (ఇంతమందిమి పోతున్నాం, ఆ మాత్రం పెట్టొచ్చుగా!). అందులో బేసిక్ ఎంత, అలవెన్స్ ఎంత అని విడివిడిగా ఉంటుంది. 1,800 అన్నది బేసికా, అన్నీ కలిపా అని అక్కడే తేలిపోతుంది. నువ్వు సంతకం పెట్టాక పర్మిట్ అప్రూవల్, ఆ తర్వాత ఉద్యోగం కోసం ఇచ్చే ఎంట్రీ పర్మిట్. అది చేతిలో పట్టుకుని విమానం ఎక్కాలి. దిగాక మెడికల్, ఎమిరేట్స్ ఐడీ, రెసిడెన్స్ అన్నీ కంపెనీ చేయిస్తుంది. ఖర్చు కూడా కంపెనీదే. పనివాడి దగ్గర వసూలు చేయకూడదని 2021 నాటి వాళ్ళ కార్మిక చట్టంలోనే ఉంది. మరి నీ లక్షా ఇరవై వేలు దేనికి?

విజిట్ వీసా మీద పని చేయడం అక్కడ నేరం. పర్మిట్ లేకుండా పనిలో పెట్టుకున్న కంపెనీకి 2024లో జరిమానా పెంచారు, లక్ష నుంచి పది లక్షల దిర్హాముల దాకా. కాస్త పేరున్న కంపెనీ ఈ రిస్క్ తీసుకోదు. తీసుకునేది చిన్న చిన్న సబ్ కాంట్రాక్టర్లే. వాడు నెల పని చేయించుకుని "పర్మిట్ రిజెక్ట్ అయింది" అంటే, నీ దగ్గర కాంట్రాక్టు ఉండదు, జీతం కోసం కేసు వేద్దామన్నా పట్టు దొరకదు. వీసా గడువు దాటితే రోజుకు 50 దిర్హాములు ఫైన్ పడుతుంది. అలా ఖల్లివెల్లి (వీసా లేకుండా దొంగచాటుగా ఉండేవాళ్ళు) అయిపోయి, క్షమాభిక్ష ఎప్పుడు పెడతారా అని ఎదురుచూసినవాళ్ళను చూశాను.

పెరంబూర్ శ్రీను:
సుబ్బన్నా, మరీ భయపెట్టకండి. మా బామ్మర్ది విజిట్ మీదే వెళ్ళాడు, ఇప్పుడు దుబాయ్ అల్ ఖూజ్‌లో శుభ్రంగా కంపెనీ వీసా మీద ఉన్నాడు.

షార్జా సుబ్బన్న:
కాదనడం లేదు శ్రీనూ. వెళ్ళి ఇంటర్వ్యూలు తిరిగి, ఆఫర్ వచ్చాక అక్కడే వీసా స్టేటస్ మార్పించుకోవచ్చు, దారి ఉంది. కానీ మీ బామ్మర్దికి రూములో ఉంచుకుని తిండి పెట్టినవాళ్ళు ఎవరో ఉండి ఉంటారు. పర్మిట్ రాకముందే పనిలోకి దిగడం వేరే సంగతి. ఈ తమ్ముడు అప్పు చేసి, ఉద్యోగం ఖాయమని నమ్మి వెళ్తున్నాడు.

నాయుడుపేట కుర్రాడు:
ఆఫర్ లెటర్ అడిగితే ఏజెంటు వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపాడు అన్నా. కంపెనీ లెటర్‌హెడ్, కింద గుండ్రటి స్టాంపు ఉంది. నంబర్ ఏమీ లేదు.

రమణి, అడయార్:
బాబూ, లెటర్‌హెడ్ ఎవరైనా కంప్యూటర్లో చేసుకోవచ్చు. నేను మ్యాన్‌పవర్ ఆఫీసులో డాక్యుమెంట్ల పని చూస్తాను. మోహ్రే ఆఫర్ మీద ట్రాన్సాక్షన్ నంబర్ ఉంటుంది, దాన్ని వాళ్ళ వెబ్‌సైట్లో వెతికి చూడొచ్చు. ఏజెంటు లైసెన్స్ నంబర్ అడిగి మన విదేశాంగ శాఖ ఈమైగ్రేట్ పోర్టల్‌లో కొట్టి చూడు. లైసెన్స్ లేనివాళ్ళ జాబితా కూడా అందులోనే పెడతారు. లైసెన్స్ ఉన్నవాడైనా సర్వీస్ చార్జీగా 30 వేలు, దానిమీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు, రసీదు ఇవ్వాలి. నువ్వు పదో తరగతి పాసయ్యావు కాబట్టి నీ పాస్‌పోర్టుకు ఈసీఆర్ (పనికి వెళ్ళే ముందు ప్రభుత్వ అనుమతి కావాలనే ముద్ర) ఉండదనుకుంటాను. ఈసీఆర్ ఉన్నవాళ్ళయితే యూఏఈ పనికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి, దాన్ని తప్పించుకోవడానికే వాళ్ళను విజిట్ మీద పంపుతుంటారు.

కంపెనీ ఐటీఐ సర్టిఫికెట్ అటెస్టేషన్ అడిగితే, యూఏఈకి అపోస్టిల్ (కొన్ని దేశాలకు అదొక్కటే సరిపోయే మన విదేశాంగ శాఖ ధ్రువీకరణ) చాలదు. మన విదేశాంగ శాఖ స్టాంపు తర్వాత యూఏఈ ఎంబసీ స్టాంపు కూడా పడాలి. ఆఫర్ నిజమని తేలేదాకా దానికి డబ్బు ఖర్చు పెట్టకు. ప్రభుత్వ సంస్థల్లో కూడా పేరు నమోదు చేసుకో, చెన్నైలో ఓఎంసీఎల్ ఉంది, ఏపీకి ఓంక్యాప్ ఉంది. ఇంకేమైనా అనుమానం ఉంటే విదేశాంగ శాఖ టోల్ ఫ్రీ 1800 11 3090.

నాయుడుపేట కుర్రాడు:
థాంక్స్ అక్కా, థాంక్స్ సుబ్బన్నా. లైసెన్స్ నంబర్ అడిగితే "అంత నమ్మకం లేకపోతే వేరే ఏజెంటును చూసుకో" అన్నాడు. అలాగే అన్నాను. ఓఎంసీఎల్‌కి శనివారం సెలవు పెట్టి వెళ్దామనుకుంటున్నా. ఆరోజు తెరిచి ఉంటుందా?

రమణి, అడయార్:
శనివారం వద్దు బాబూ, వారం మధ్యలో వెళ్ళు. ఐటీఐ మార్కుల జాబితా, షాపు నుంచి ఎక్స్‌పీరియన్స్ లెటర్ వెంట తీసుకెళ్ళు.