మిన్నెసోటాలో మొదటి ఎండాకాలం: గాలం ఎక్కడెయ్యాలె, ఉత్తరానికి ఎప్పుడు పోవాలె

దేవరకొండ, ఇప్పుడు ఈగన్:

అందరికీ నమస్తే. జనవరిల ఉద్యోగం మీద ఈగన్‌కు వచ్చినం. నేను, నా భార్య, ఏడేండ్ల బాబు. చలికాలమంత ఇల్లు, ఆఫీసు, సరుకుల షాపు, అంతే. ఇప్పుడు మంచు కరిగింది, ఎటు చూసినా నీళ్లే కనబడుతున్నయి. డిండి పక్కన పెరిగినోన్ని, గాలం నాకు కొత్త కాదు. కాని ఇక్కడ పద్ధతేందో తెల్వదు. ఏం కొనాలె, ఎవరినడగాలె, పడవ లేకుంట పట్టొచ్చా? శని, ఆదివారాలు తిరిగొచ్చే చోట్లు కూడ చెప్పండి. జూన్ల అమ్మానాన్న వస్తున్నరు. నాన్నకు చాపలంటే పాణం.

నకిరేకల్, ఇప్పుడు మేపుల్ గ్రోవ్:

తమ్మీ, పడవ మాట ఈ ఏడాదికి పక్కన పెట్టు. కొత్తగ వచ్చినోళ్లు చానమంది మొదటి నెలలనే పడవ కిరాయి, ఖరీదు గాలాలు, మిల్ లాక్స్ అనే పెద్ద సరస్సు దాక ప్రయాణం అని పెట్టుకుంటరు. పొద్దుందాక నీళ్ల మీద కూసుంటరు, ఒక్క చాప పడదు, పిల్లలు ఏడుస్తరు, మళ్ల ఆ ఊసెత్తరు. నీకు ఇంటికి దగ్గర్లనే పని అయితది.

ఫోర్ట్ స్నెల్లింగ్ స్టేట్ పార్కుకు పో. విమానాశ్రయం పక్కనే ఉంటది. మిన్నెసోటా నది మిసిసిపీల కలిసే చోటు అది, డకోటా ఆదివాసులకు పవిత్రమైన జాగ. మన వాడపల్లి దగ్గర మూసీ పోయి కృష్ణల కలిసినట్టే, రెండు నదుల నీళ్లను ఒడ్డు మీద నిలబడి చూడొచ్చు. లోపల స్నెల్లింగ్ లేక్ అని చిన్న చెరువున్నది, అక్కడ గాలమెయ్యి. స్టేట్ పార్కుల్ల, ట్రౌట్ చాపకు విడిగ కొనే స్టాంపు అడగని నీళ్లల్ల, మిన్నెసోటా నివాసులు ఒడ్డు నుంచి లైసెన్స్ లేకుంటనే పట్టొచ్చు. కారుకు మాత్రం పర్మిట్ ఉండాలె, రోజుదీ ఉంటది, ఏడాదిదీ ఉంటది. ఏడాదిదే తీసుకో, రాష్ట్రంల ఉన్న స్టేట్ పార్కులన్నిటికీ చెల్లుతది. వసంతంల నది పొంగితే ఆ పార్కు మూసేస్తరు, పోయే ముందు వెబ్‌సైటు చూసుకో.

మిగతా చోట్ల లైసెన్స్ తప్పదు. మన దిక్కు చెరువుల చాప మత్స్య సహకార సంఘానిది. సంఘమోళ్లు పిల్లలను పోసి పెంచుకుంటరు, అడగకుంట వల ఏస్తే లొల్లయితది. ఇక్కడ ఆ బాధ్యత డీఎన్ఆర్ అనే రాష్ట్ర సహజ వనరుల శాఖది. 16 ఏండ్లు నిండినోళ్లందరికీ లైసెన్స్ కావాలె. నీ కొడుక్కు అక్కర్లేదు గాని, ఎన్ని పట్టాలన్న లెక్క వానికి కూడ వర్తిస్తది. రాష్ట్రంల 60 రోజులు నివాసం ఉంటే రెసిడెంట్ ధర. వీసా మీద ఉన్నవు కాబట్టి ఒకసారి డీఎన్ఆర్‌కు ఫోన్ చేసి ఖాయం చేసుకో. భార్యాభర్తలకు కలిపి ఇచ్చే లైసెన్స్ కూడ ఉన్నది, విడివిడిగ కొనేదానికన్న తక్కువ పడుతది. లైసెన్స్ ఏడాది మార్చి 1న మొదలై ఫిబ్రవరి ఆఖరుకు అయిపోతది. అందుకే ఇప్పుడు కొంటే మంచు మీద పట్టే కాలానికి కూడ అదే పనికొస్తది.

ఇగ చాప. వాలై అని అందరు చెప్పే చాపను మే నడుమ దాక పట్టనియ్యరు. సన్‌ఫిష్‌కు ఆ కట్టడి లేదు, ఏడాది పొడుగునా పట్టొచ్చు. బ్లూగిల్, పంప్‌కిన్‌సీడ్, ఇట్ల కొన్ని రకాలను కలిపి సన్‌ఫిష్ అంటరు. అరచెయ్యంత ఉంటది. మే ఆఖరు నుంచి జూన్ నెలంత ఒడ్డు పక్కన లోతు లేని నీళ్లకొచ్చి ఇసుకల గుండ్రంగ గుంటలు చేసి గుడ్లు పెడ్తయి. ఆ రోజులల్ల పడవెందుకు, పియర్ మీద, అంటే నీళ్లల్లకు కట్టిన చెక్కబాట మీద నిలబడి ఏస్తే సాలు. ఆరడుగుల చిన్న రాడ్డు, నాలుగు పౌండ్ల దారం, 8 నంబరు గాలం, చిటికెడంత సీసం, బెండు. బెండు కింద రెండు మూడడుగులు వదులు, ఎర్ర ముక్క గుచ్చు. మనిషికి ఒక్క గాలమే, రెండోది పెట్టొద్దు.

ఇక్కడ నేను గట్టిగ చెప్పేదొకటున్నది. పెద్ద సన్‌ఫిష్ దొరికితే వదిలిపెట్టు. గూడు కాడ కాపలా ఉండేది పెద్ద మగ చాప. వాటిని పట్టుకపోతే, చిన్న మగవి పెరగకముందే జతకొస్తయి, కొన్నేండ్లకు చెరువంత చిన్న చాపలే మిగులుతయి. చాన చోట్ల లెక్క రోజుకు 20, కాని ఇదే కారణం మీద కొన్ని చెరువులల్ల 10కి, 5కి తగ్గించిన్రు. ఏ చెరువుకు ఏ లెక్కో డీఎన్ఆర్ వెబ్‌సైట్ల ఉన్న లేక్‌ఫైండర్‌ల పేరు కొడితే వస్తది. నియమాల పుస్తకం ఏడాదికొకటి వస్తది, పాతది నమ్ముకోకు. మనోళ్లు బకెట్ నింపుకొని పోయింది పక్కనోళ్లు చూసినంక, మళ్ల మన పిల్లలు ఆ పియర్ మీద ఎట్ల నిలబడుతరు?

మిగిలిన ఎర్రలను నేల మీద పారెయ్యకు, చెత్తడబ్బల ఎయ్యి. మన దగ్గర ఎర్ర రైతుకు మేలు చేస్తదని కాపాడుకుంటం. మిన్నెసోటా నేలల సొంత ఎర్రలే లేవు, ఉన్నయన్నీ బయటి నుంచి వచ్చినయి. అడవిల రాలిన ఆకు పొరను తినేసి మొలకలు రాకుంట చేస్తయి. అట్లనే గడ్డిచాప, వెండిచాప. మన చెరువులల్ల పెంచుకునేటివి, ఇక్కడ మిసిసిపీ ఎంబడి పైకొస్తున్నయని గడగడలాడుతున్నరు. పడితే డీఎన్ఆర్‌కు చెప్పాలె. బంగారుతీగ మాత్రం ఎప్పుడో వచ్చి స్థిరపడ్డది, చాన చోట్ల కనబడుతది.

వనపర్తి, ఇప్పుడు వుడ్‌బరీ:

తమ్ముడూ, చాపల సంగతి అన్న చెప్పిండు, నేను తిరుగుడు సంగతి చెప్త. డులూత్ పోండి. రెండున్నర గంటల తొవ్వ. సుపీరియర్ సరస్సు ఒడ్డున నిలబడితే అవతలి ఒడ్డు కనబడదు. విస్తీర్ణంల ప్రపంచంలనే అన్నిటికన్న పెద్ద మంచినీళ్ల సరస్సు. కెనాల్ పార్కుల పెద్ద ఇనుప వంతెన ఉంటది, 1905ల కట్టి, 1930ల రోడ్డు మొత్తం పైకి లేచేటట్టు మార్చిన్రు. ఇనుప ఖనిజం ఓడలు దాని కింద నుంచి పోతయి. ఓడలు ఎప్పుడొస్తయో ముందే ఆన్‌లైన్ల పెడ్తరు. ఆ టైం చూసుకొని పోండి, వంతెన లేవంగ చూడకుంటే మీ బాబుకు సగం ప్రయాణం వృథా.

అక్కడి నుంచి 61 నంబరు రోడ్డు పట్టుకొని ఒడ్డెంబడి పైకి. గూస్‌బెర్రీ జలపాతం కార్లు ఆపే చోటుకు దగ్గర్లనే. ఇంకొంచెం పోతే స్ప్లిట్ రాక్ లైట్‌హౌస్. 1905 నవంబర్ తుఫాన్ల ఓడలు చాన దెబ్బతిన్నంక, 1910ల కొండ అంచు మీద కట్టిన్రు. తర్వాత టెటగూష్ స్టేట్ పార్కు, అక్కడి జలపాతం హై ఫాల్స్‌కు నడవాలె, మెట్లున్నయి, పెద్దోళ్లు ఎంబడి ఉంటే ఆలోచించుకొని పోండి. మే ఆఖరుల మంచు కరిగిన నీళ్లతోని జలపాతాలు నిండుగ ఉంటయి. ఆగస్టుల పోతే సన్నబడుతయి. సెప్టెంబర్ ఆఖరు వారం ఆకులు రంగు మారుతయి, రూములు దొరకవు, ఇప్పుడే చూసుకోండి. క్యాంప్ స్థలాలను స్టేట్ పార్కులల్ల 120 రోజుల ముందు నుంచి బుక్ చేసుకోవచ్చు. శుక్రవారం రాత్రివి బుకింగ్ తెరవంగనే అయిపోతయి.

సరస్సుల దిగకండి. జూలైల కూడ నీళ్లు మొద్దుబారేంత చల్లగ ఉంటయి. తడిసిన నల్లరాయి మీద పిల్లగాని చెయ్యి వదలకండి. ఎండగ ఉందని జాకెట్ ఇంట్ల పెట్టి పోవద్దు, ఒడ్డు గాలికి పది డిగ్రీలు పడిపోతది.

దేవరకొండ, ఇప్పుడు ఈగన్:

అన్నా, అక్కా, మస్తు వివరంగ చెప్పిన్రు. లైసెన్స్ సంగతి: మా నాన్న వస్తే ఆయనకు కూడ కావాలెనా? పట్టినంక శుభ్రం ఎక్కడ చెయ్యాలె, ఎట్ల వండాలె? అపార్ట్‌మెంట్‌ల వాసనకు ఎవరన్న ఫిర్యాదు చేస్తరా?

నకిరేకల్, ఇప్పుడు మేపుల్ గ్రోవ్:

కావాలె. స్టేట్ పార్కు మినహాయింపు మిన్నెసోటా నివాసులకే, చుట్టపుచూపుగ వచ్చినోళ్లకు కాదు. నాన్న రాడ్డు పట్టుకుంటే చాలు, లైసెన్స్ లెక్కే. బయటోళ్లకు 24 గంటలది, 72 గంటలది ఉంటది, పోయే రోజు చూసుకొని తీసుకో. జూన్ల ఒక వారాంతం పిల్లల చాపల పండుగ లెక్క చేస్తరు, 15 ఏండ్లు, అంతకన్న చిన్న పిల్లలను తీసుకపోయే మిన్నెసోటా పెద్దోళ్లకు ఆ రోజులల్ల లైసెన్స్ అక్కర్లేదు. మృగశిర కార్తె కూడ జూన్ 7, 8లనే వస్తది. ఆనాడు మనింట్ల చాప కూర ఉండాలె గద, ఆ వారం సన్‌ఫిష్ కూడ ఒడ్డుకే ఉంటది.

చాపను ఒడ్డు మీద కొయ్యకు. కడిగిన చెత్త నీళ్లల్ల పారేస్తే తప్పు. ఐస్ పెట్టెల మొత్తం చాపనే ఇంటికి తెచ్చుకో. ముండ్లు తీసి ముక్కలుగ (ఫిల్లెట్) తేవాలంటే, చాన రకాలకు గుర్తుపట్టేటందుకు పొలుసుతోని తోలు ముక్క ఒక అంగుళమన్న ఉంచాలె, అందుకే కొయ్యకుంట మొత్తంగ తెచ్చుడే సుఖం.

వనపర్తి, ఇప్పుడు వుడ్‌బరీ:

సన్‌ఫిష్‌కు పొలుసు తీసి, పేగులు తీసి, అటు ఇటు రెండు గాట్లు పెట్టండి. ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి, నిమ్మకాయ పట్టించి అరగంట ఉంచి పెనం మీద కాల్చండి. ముండ్లు ఎక్కువుంటయి, బాబుకు మీరే వలిచి పెట్టాలె. పులుసుకైతే క్యాట్‌ఫిష్ మంచిది, తోలు తియ్యాలె, ముక్క గట్టిగ నిలుస్తది. వాలై తెల్లగ మెత్తగ ఉంటది, చింతపండు పులుసు బాగ మరిగి, ధనాల పొడి, మెంతిపొడి, ఎండుకొబ్బరి పడి, నూనె తేలినంక ఆఖరుకు వేసి గరిట పెట్టకుంట గిన్నె తిప్పుకోండి. లేకుంటే పొడిపొడి అయితది. వాసన సంగతి కాదు, పొగకు అలారం మోగుతది. బయట గ్రిల్ ఉంటే వేపుడు అక్కడే.

కడుపుతోని ఉన్నోళ్లు, చిన్నపిల్లలు పెద్ద వాలై, పెద్ద పైక్ తినొద్దంటది ఆరోగ్య శాఖ, పాదరసం పెద్ద చాపల్ల ఎక్కువ చేరుతది. చిన్న సన్‌ఫిష్ వాటికన్న మేలు. ట్విన్ సిటీస్ (మినియాపోలిస్, సెయింట్ పాల్) చుట్టుపక్కల కొన్ని చెరువులల్ల ఎన్నేండ్లకూ కరగని పీఫాస్ అనే రసాయనాలున్నయి, లేక్‌ఫైండర్‌లనే తినొచ్చా వద్దా చూసుకోండి.

హాలియా:

బాబూ, నేను సాగర్ ఎడమ కాలువ కింద వ్యవసాయం చేసి, ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంటున్నాను. మా అమ్మాయి వాళ్లింట్లో మిన్నెసోటాలో ఒక వేసవి గడిపి వచ్చాను. మీ అమ్మానాన్నల వయసు వాళ్ల వైపు నుంచి రెండు మాటలు. మాకు రోజుకు మూడు చోట్లు చూపించకండి. ఒక చోట, నీడలో బెంచీ, దగ్గర్లో బాత్రూం ఉంటే మధ్యాహ్నం దాకా కదలం. పెద్దాయన చేతికి గాలం ఇచ్చి, మనవణ్ణి పక్కన కూర్చోబెట్టి, మీరు దూరంగా ఉండండి. వాళ్లిద్దరికీ మాటలు అక్కడ కుదురుతాయి. ఇంట్లో టీవీ ముందు కుదరవు.

దోమలు మన చెరువు గట్టు కన్నా ఎక్కువ. గడ్డిలో నడిస్తే సాయంత్రం కాళ్లూ, మోకాలి వెనకా పిడుదుల కోసం చూడాలి. జింకల మీద ఉండే పిడుదు కుడితే లైమ్ అనే జబ్బు వస్తుందని మా అల్లుడు రోజూ చూసేవాడు. నిండు చేతుల చొక్కా, సాక్సులోకి దోపిన ప్యాంటు మంచిది.

ఒక్కటి మాత్రం చూపించండి, ఇటాస్కా. 1891లో ఏర్పడిన పార్కు, రాష్ట్రంలో మొదటిది. మిసిసిపీ అక్కడ సరస్సులోంచి బయలుదేరుతుంది, రాళ్ల మీద అడుగులు వేసుకుంటూ దాటేయవచ్చు. అక్కడి నుంచి సముద్రం 2,552 మైళ్లని దుంగ మీద రాసి ఉంటుంది. కాలువ నీటి కోసం రాత్రిళ్లు మడవ దగ్గర కాపలా ఉన్నవాణ్ణి, అంత పెద్ద నదిని పిక్కల లోతులో నిలబడి చూశాను. మీ నుంచి నాలుగు గంటలు పడుతుంది. రాత్రి అక్కడే ఉండేలా పెట్టుకోండి, వెళ్లి వెంటనే తిరిగి రావడం పెద్దవాళ్ల నడుములకు కాదు.

నకిరేకల్, ఇప్పుడు మేపుల్ గ్రోవ్:

పెద్దాయన చెప్పింది రాసి పెట్టుకో తమ్మీ. ఆఖరుకొకటి: డిసెంబర్ల మంచు మీద పట్టుడు మొదలైతది, నీకు మస్తు ఆశ పుడుతది. అప్పుడు మనిషికి రెండు గాలాలు పెట్టనిస్తరు. కొత్తగ గట్టిపడ్డ తేట మంచు 4 అంగుళాలుంటేనే మనిషి నడవాలె, తెల్లగ ఉన్న మంచు దానిల సగం బలమే. నువ్వే బొక్క తవ్వుకుంట, కొలుచుకుంట పోవాలె, ముందు పోయినోని అడుగులు చూసి కాదు. మొదటిసారి నాతోని రా, తవ్వే ఆగర్, గుడారం నా దగ్గరున్నయి.